మట్టి కలిపిన నీటి ఆధారిత పూత ముందుగా ఎందుకు బొబ్బలెక్కుతోంది?

ప్రశ్న:
మైల్డ్ స్టీల్ పలకలపై వేసే నీటి ఆధారిత యాక్రిలిక్ ఎమల్షన్‌లో (నీటిలో సన్నని ప్లాస్టిక్ కణాలు తేలే పూత ద్రవంలో), ఘనపదార్థం బరువుపై 5 శాతం సోడియం మాంట్‌మోరిల్లొనైట్ మట్టిని కలిపి పరీక్షిస్తున్నాను. 35 డిగ్రీల సెల్సియస్ వద్ద 5 శాతం ఉప్పునీటి తుంపర కింద ఉంచితే, మట్టి కలపని పూతకంటే కలిపినదే ముందుగా బొబ్బలెక్కుతోంది. మట్టి రేకులు తేమను అడ్డుకుంటాయని చదివినందున ఈ ఫలితం అంతుబట్టడం లేదు. లోపం మోతాదులో ఉందా, మట్టిలోనే ఉందా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
ముందుగా మోతాదునే అనుమానించాలి. ఈ మట్టి రేకు మందం దాదాపు 1 నానోమీటరు, వెడల్పు వందల నానోమీటర్ల వరకు ఉంటుంది. రేకులు విడివిడిగా, లోహానికి సమాంతరంగా పరుచుకున్నప్పుడే నీరు, ఆక్సిజన్, క్లోరైడ్ అయాన్లు చుట్టుతిరిగి లోహాన్ని చేరవలసి వస్తుంది. 5 శాతం వద్ద అవి గుంపులుగా మిగిలిపోయే అవకాశం ఎక్కువ, ఆ గుంపుల పక్క సందులే తేమకు దారులవుతాయి. 1 నుంచి 3 శాతం మధ్య ప్రయత్నించండి. మరిగే నీళ్లలో రవ్వ ఒక్కసారిగా పోసినట్టే పొడిమట్టి నేరుగా ఎమల్షన్‌లో పడితే ఉండకడుతుంది కాబట్టి, దాన్ని ముందు విడిగా నీటిలో రాత్రంతా కలియబెట్టి, తరువాత నెమ్మదిగా చేర్చాలి.

సమాధానం 2:
మోతాదు మాట నిజమే కానీ, అసలు చిక్కు మట్టి స్వభావంలో ఉందని నా అభిప్రాయం. సోడియం రకం నీటిలో సులువుగా విచ్చుకునేది నీటిని ఇష్టపడుతుంది కనుకనే. ఆ ఇష్టం పూత ఆరిన తరువాత కూడా పోదు, తేమ తగలగానే మళ్లీ ఉబ్బుతుంది. క్వాటర్నరీ అమ్మోనియం లవణాలతో (నూనె స్వభావమున్న సేంద్రియ లవణాలతో) మార్చిన మట్టి నీటిని దూరంగా ఉంచుతుంది గాని, అదే కారణంగా నీటి ఎమల్షన్‌లో సరిగా కలవదు. సోడియం స్థానంలో సీరియం అనే లోహపు అయాన్లను ఎక్కించి చూడవచ్చు: ఉప్పునీటిలోని సోడియం లోపలికి చేరినప్పుడు సీరియం బయటికి వచ్చి, క్షారత పెరిగిన కేథోడ్ చోట్ల (తుప్పు చర్యలో ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను తీసుకునే చోట్ల) హైడ్రాక్సైడ్‌గా పేరుకుని తుప్పు వేగాన్ని తగ్గిస్తుంది. తుప్పును ఆపడానికి వాడే విషపూరితమైన క్రోమేట్‌లకు ప్రత్యామ్నాయంగా దీన్ని పరిశీలించడంలో అర్థముంది.

సమాధానం 3:
ఫలితాలను పోల్చే ముందు రెండు పూతల ఆరిన మందం ఒకటేనా అన్నది, పలకల అంచులను మైనంతో మూశారా అన్నది చూసుకోండి. చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. ఎక్స్‌రే వివర్తనంలో (రేకుల మధ్య దూరాన్ని ఎక్స్‌రేలతో కొలిచే పరీక్షలో) మట్టి శిఖరం మాయమైనంత మాత్రాన రేకులు విడిపోయాయని తేల్చకూడదు, ఇంత తక్కువ మోతాదులో శిఖరం కనబడకపోవడం మామూలే. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రంతో సరిచూసుకుని, ఉప్పునీటిలో నానుతున్న పలకపై 0.01 హెర్ట్జ్ వద్ద ఇంపెడెన్స్ (ఏసీ విద్యుత్తుకు పూత చూపే నిరోధం) రోజురోజుకూ ఎంత పడిపోతోందో కొలవండి. బొబ్బ కంటికి కనబడకముందే ఆ కొలతలో తేడా తెలుస్తుంది.