జీటీ3 చక్రాలకు ఏ పూత వేయించాలి: శాటిన్ నలుపా, వెండి రంగా, డైమండ్ కట్టా?

డాలస్ సభ్యుడు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. 992 తరం పోర్షే 911 జీటీ3 కారును రెండో యజమానిగా ఈ మధ్యనే కొన్నాను. బండి రంగు షార్క్ బ్లూ, చక్రాలు శాటిన్ (మెరుపు తక్కువగా ఉండే) నలుపు. ముందు 20 అంగుళాలు, వెనుక 21 అంగుళాలు, ఒక్కో చక్రానికి నడుమ ఒకే నట్టు. పాత యజమాని దగ్గర ఉండగానే కుడి ముందు చక్రం అంచు ఫుట్‌పాత్‌కు ఒరుసుకుని, చిటికెన వేలంత పొడవున రంగు లేచిపోయి లోహం కనిపిస్తోంది. దానికి ఎలాగూ మరమ్మతు తప్పదు కాబట్టి నాలుగింటికీ ఒకేసారి కొత్త పూత వేయించాలనుకుంటున్నాను. నలుపునే ఉంచాలా, వెండి రంగుకు మారాలా, ముఖభాగాన్ని డైమండ్ కట్ (లోహాన్ని సన్నగా చెక్కి మెరిపించడం) చేయించాలా అన్నది తేలడం లేదు. ఏడాదికి నాలుగైదు సార్లు ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అనే రేసు ట్రాక్ మీద నడపాలన్నది నా కోరిక. మిగతా రోజుల్లో బండి మామూలు రోడ్ల మీదే తిరుగుతుంది. మా బావమరిది డైమండ్ కట్ అంటున్నాడు, మా ఆవిడ నలుపును కదిలించవద్దంటోంది. ఎవరు ఏది సూచించినా కారణంతో సహా చెప్పమని మనవి.

న్యూజెర్సీ సభ్యుడు

నా ఓటు నిస్సందేహంగా నలుపుకే. మీ బండికి ఉన్నవి సిరామిక్ బ్రేక్ డిస్కులు కాక మామూలు పోత ఇనుము డిస్కులే అయితే, ముందు డిస్కు వ్యాసం 408 మిల్లీమీటర్లు. అంత పెద్ద డిస్కును బ్రేక్ ప్యాడ్లు రోజంతా కరిచి పట్టుకుంటూ ఉంటే రాలే పొడి, మధ్యాహ్నం భోజనాల వేళకే ముందు చక్రాలను గోధుమ రంగులోకి మార్చేస్తుంది. నా పాత బండికి వెండి చక్రాలు ఉండేవి. ప్రతి ఆదివారం ఉదయం బకెట్టు, బ్రష్షు పట్టుకుని ఒక్కో చక్రం దగ్గర ఇరవై నిమిషాలు కూర్చోవలసి వచ్చేది. నల్ల చక్రాలకు మారాక ఆ శ్రమ సగానికి సగం తగ్గింది. పైగా నలుపు వేడిని త్వరగా వదులుతుంది కనుక బ్రేకులు చల్లబడటానికి కూడా అది సాయపడుతుందని చాలామంది చెప్పగా విన్నాను.

స్టట్‌గార్ట్ సభ్యురాలు

నేను లోహాల వేడిచికిత్స రంగంలో పని చేస్తాను కాబట్టి ఈ ప్రశ్నను రంగుల ప్రశ్నగా చూడలేకపోతున్నాను. ట్రాక్ మీద నడిచే బండి చక్రానికి పూత ఎంచుకునేటప్పుడు నేను అడిగేది ఒక్కటే: ఈ పూత కింద పగులు పుడితే నా కంటికి కనిపిస్తుందా, కనిపించదా?

మీవి ఫోర్జ్ చేసిన (కరిగించి పోయకుండా, గట్టిగా వత్తి రూపం ఇచ్చిన) అల్యూమినియం చక్రాలు. గట్టి దెబ్బ తగిలినప్పుడు ఫోర్జ్ చేసిన లోహం పోత లోహంలా ఉన్నపళంగా విరగకుండా ముందు వంగుతుంది, అది దాని గొప్ప గుణం. అయితే మలుపు మలుపుకీ కర్బుల (ట్రాక్ అంచు గట్ల) మీద ఎక్కిదిగే చక్రంలో అలసట వల్ల సన్నటి వెంట్రుకవాసి పగుళ్లు పుట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అవి మనం రోజూ తుడుచుకుని మురిసిపోయే ముఖభాగంలో కంటే ఎక్కువగా లోపలి వైపు అంచులోనూ, చువ్వలు రిమ్ముతో కలిసే మూలల్లోనూ మొదలవుతాయి. లేత వెండి రంగు మీద ఆ పగులు నల్లటి గీతలా కనిపిస్తుంది, ఎందుకంటే బ్రేక్ పొడి అందులోకి దూరి కూర్చుంటుంది. నల్లటి పూత మీద నల్లటి గీతను గ్యారేజీ వెలుతురులో, టార్చి పట్టుకుని వెతికినా దొరకడం కష్టం. మిత్రులు పొడి కనిపించకపోవడాన్ని నలుపుకు గొప్పగా చెప్పారు. పొడిని దాచే గుణమే పగులును కూడా దాస్తుంది.

వేడి గురించి చెప్పిన మాటను సరిదిద్దాలి. కంటికి కనిపించే నలుపు వేరు, వేడిని వెదజల్లే గుణం వేరు. బ్రేకుల వేడి బయటికి పోయేది పరారుణ కిరణాల రూపంలో. ఆ కిరణాల విషయంలో మామూలు తెల్ల రంగు, మామూలు నల్ల రంగు దాదాపు ఒకేలా ప్రవర్తిస్తాయి. మెరుగుపెట్టిన ఉత్త అల్యూమినియం మాత్రమే వేడిని చాలా తక్కువగా వెదజల్లుతుంది, అల్యూమినియం రజను కలిసిన వెండి రంగు మామూలు రంగులకూ ఉత్త లోహానికీ నడుమ ఉంటుంది. ఈ తేడాతో మీ బ్రేకులకు ఒరిగేది స్వల్పం. ఆస్టిన్‌లో సుమారు కిలోమీటరు పొడవున్న వెనుక వైపు స్ట్రెయిట్ (వంపులేని దారి) చివర, పన్నెండో మలుపు ముందు మీరు బ్రేకు మీద నిలబడినప్పుడు డిస్కును కాపాడేది దాని నడుమ నుంచి లోపలికి వచ్చి కాలువల గుండా బయటికి విసిరివేయబడే గాలి. చక్రం రంగుకు అందులో చెప్పుకోదగ్గ పాత్ర లేదు.

విశాఖపట్నం సభ్యుడు

డైమండ్ కట్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే బీచ్ రోడ్డుకు దగ్గరలో అల్లాయ్ చక్రాల మరమ్మతు షాపు నడుపుతున్నాను. డైమండ్ కట్ అంటే చక్రాన్ని లేతు మీద ఎక్కించి, పైపొరను సన్నగా చెక్కేసి, మెరిసే ఉత్త లోహం మీద పారదర్శకమైన లక్కర్ మాత్రమే వేయడం. కింద ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఉండదు, రంగు ఉండదు. ఆ లక్కర్‌కు ఒక్కచోట ఆవగింజంత దెబ్బ తగిలితే చాలు, ఉప్పగాలి తేమ అందులోకి దూరి లక్కర్ కిందనే పాకడం మొదలుపెడుతుంది. నా బల్ల మీద ఇప్పుడున్న చక్రం అంచు దగ్గర టైరు మార్చిన షాపువాళ్ల ఇనుప కడ్డీ తగిలి చిన్న గాటు పడింది. ఆ గాటు నుంచి బయలుదేరిన తెల్లటి దారాలు, గోడ మీద చెదలు కట్టిన బాటల్లాగా, వంకరలు తిరుగుతూ మూడు అంగుళాలు పాకాయి. పై నుంచి గోరుతో గీకితే ఏమీ తగలదు, తుప్పంతా లక్కర్ కిందే ఉంది.

దీన్ని బాగుచేయడమంటే మళ్లీ లేతు మీద ఎక్కించి మళ్లీ లోహాన్ని చెక్కడమే. ప్రతిసారీ మిల్లీమీటరులో కొంత భాగం పోతుంది, కాబట్టి ఒక చక్రానికి ఈ పని కొద్దిసార్లకు మించి చేయకూడదు. నేను ఆ పనితోనే బతుకుతున్నాను, అయినా చెబుతున్నాను: ట్రాక్ మీద పరుగెత్తే ఫోర్జ్ చక్రాన్ని అందం కోసం చెక్కమని అడిగితే నేను చేయను. డాలస్‌లో సముద్రపు గాలి లేకపోవచ్చు, కానీ టైర్లు మార్చేవాళ్ల కడ్డీ అక్కడా ఉంటుంది. బావమరిది గారికి నా తరఫున ఈ మాట చెప్పండి.

న్యూజెర్సీ సభ్యుడు

వేడి విషయంలో నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. డైమండ్ కట్ విషయంలో విశాఖ సోదరులతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా దగ్గర చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు కూడా అదే పని చేస్తుంది. అయితే రంగును పూర్తిగా పక్కన పెట్టడం ఈ బండి చరిత్రకు న్యాయం కాదు. 1967 మోడల్ 911 ఎస్‌తో వచ్చిన ఫ్యూక్స్ చక్రాన్ని తలుచుకోండి: మెరిసే అంచు, రేకుల్లాంటి చువ్వల మధ్య నలుపు. 1972లో ప్యారిస్‌లో చూపించిన కరెరా ఆర్ఎస్ 2.7 తెల్ల బండ్లకు పక్కన రాసిన అక్షరాలు ఎరుపైతే చక్రాల నడుమ కూడా ఎరుపు, నీలమైతే నీలం, ఆకుపచ్చైతే ఆకుపచ్చ. ఆ బండ్లూ పోటీల కోసం పుట్టినవే. చూపుకు నిండుగా ఉండటం కూడా ఒక కారణమే అని నా వాదన. పగుళ్ల భయం లోపలి వైపునే ఎక్కువైతే, లోపలి వైపు వెండి, ముఖానికి నలుపు వేయిస్తే సరిపోదా?

స్టట్‌గార్ట్ సభ్యురాలు

ఈ సూచన నాకు నచ్చింది, ఫ్యూక్స్ ఉదాహరణ ఇంకా నచ్చింది. కానీ ఫ్యూక్స్ అంచు మెరుపు రంగు వల్ల వచ్చింది కాదు, అది ఆనోడైజింగ్. లోహం మీదే పెరిగే ఆ ఆక్సైడు పొర మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) మందమే ఉంటుంది కాబట్టి దాని కింద ఏదీ దాగదు. ఘాటైన క్షారమో ఆమ్లమో ఉన్న క్లీనర్ తగిలితే పాడవుతుందన్నదే దాని బలహీనత. పౌడర్ కోటింగ్ (పొడి రంగును చల్లి ఓవెన్‌లో కరిగించి పట్టించే పూత) సంగతి అలా కాదు. అది 60 నుంచి 80 మైక్రాన్ల వరకు మందంగా, సాగే గుణంతో ఉంటుంది. కింద లోహం చీలినా పైన పూత కొంతకాలం చెక్కుచెదరకుండా ఉండగలదు.

రెండు రంగుల విషయంలో నన్ను వెనక్కి లాగేది ఓవెన్. పౌడర్ కోటింగ్‌ను ఆరబెట్టేది సాధారణంగా 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్‌లో. ఫోర్జ్ చక్రాలకు ఎక్కువగా వాడే 6061 వంటి అల్యూమినియం మిశ్రమలోహాలకు టీ6 అనే వేడిచికిత్స బలం వచ్చేది సుమారు 160 నుంచి 180 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి పండించడం (గట్టిపడనివ్వడం) వల్ల. అంటే పూత కోసం పెట్టే వేడి, లోహం పండిన వేడి కంటే ఎక్కువ. ఒక్కసారి పదిహేను నిమిషాలు ఉంచితే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. ప్రైమరుకు ఒకసారి, వెండికి ఒకసారి, నలుపుకు ఒకసారి, పైన పారదర్శక పూతకు ఒకసారి అంటూ లోపలికీ బయటికీ తిప్పితే లోహం మెత్తబడే వైపు అడుగులు వేస్తుంది. అంతకంటే ఘోరం పాత పూతను కాల్చి తీసే కొలిమి. అందులో వేడి దాదాపు 400 డిగ్రీలు ఉంటుంది, ఆ కొలిమిలోకి వెళ్లి వచ్చిన చక్రం చూడటానికి బాగానే ఉంటుంది, కానీ దాని బలం పోయినట్టే. పాత రంగును రసాయనంతో తీస్తారా, కాల్చి తీస్తారా అని అడగకుండా ఏ షాపుకూ చక్రాలు ఇవ్వకండి.

నా సలహా ఏమిటంటే, మామూలు బాడీ పెయింటింగ్‌లో వాడే ద్రవ రంగు వేయించండి. అది 60 డిగ్రీల చుట్టుపక్కల ఆరుతుంది, లోహానికి ఏ ఇబ్బందీ లేదు, కావాలంటే రెండు రంగులూ వేయించుకోవచ్చు. పౌడర్ అంత మొండిగా రాళ్ల దెబ్బలను తట్టుకోదన్నది నిజమే, ఆ లోటును నేను భరిస్తాను. ఒకవేళ ఎప్పుడైనా మెగ్నీషియం చక్రాలు కొంటే ఈ లెక్కలేవీ వర్తించవు, వాటిని తయారీదారు చెప్పిన పద్ధతిలోనే చూసుకోవాలి.

విశాఖపట్నం సభ్యుడు

అమ్మా, మీరు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. నడుమ ఒకే నట్టుతో బిగించే చక్రంలో ఆ నట్టు కూర్చునే వాలు మీద, హబ్బుకు (చక్రాన్ని బిగించే ఇరుసు భాగానికి) ఆనుకునే ముఖం మీద ఏ రంగూ పడకూడదు. ఆ నట్టును 600 న్యూటన్ మీటర్లతో బిగిస్తారు. మధ్యలో రంగు పొర ఉంటే అది క్రమంగా నలిగి అణిగిపోతుంది, బిగువు సడలుతుంది. మాస్కింగ్ (రంగు పడకుండా కప్పడం) సరిగా చేశారో లేదో చక్రం తెచ్చుకునే రోజే వేలితో తడిమి చూసుకోవాలి.

డాలస్ సభ్యుడు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రెండు షాపులకు వెళ్లాను. మొదటి చోట పాత పూతను కాల్చే తీస్తామన్నారు, అక్కడి నుంచి వచ్చేశాను. రెండో చోట యజమాని రసాయనపు తొట్టెను చూపించి, నట్టు కూర్చునే వాలుకు సరిపోయే రబ్బరు బిరడాలను నా చేతిలో పెట్టాడు. ద్రవ రంగు, 60 డిగ్రీలు, నాలుగు చక్రాలకూ లోపలా బయటా లేత శాటిన్ వెండి రంగు అని నిర్ణయించుకున్నాను. శాటిన్‌ను పాలిష్ చేస్తే ఆ చోటు మెరిసిపోయి మచ్చలా మిగులుతుందని, ఇనుప రజనును కరిగించి ఊదా రంగుకు మారే క్లీనరే వాడమని కూడా ఆయనే చెప్పాడు. న్యూజెర్సీ సోదరా, ఆదివారం బకెట్టు పని నాకు ఖాయమైంది. మా ఆవిడకు మాత్రం పగులు సంగతి వివరించాక నలుపు మీద పట్టు సడలింది. మొదటి ట్రాక్ రోజు పూర్తయ్యాక టార్చి వేసి తీసిన లోపలి అంచు ఫొటోలు ఇక్కడే పెడతాను, స్టట్‌గార్ట్ సోదరి గారు ఒకసారి చూసి చెప్పాలి.