కారాయాన్ సింఫనీ చిత్రాలను కచేరీలని పిలవవచ్చా?

వయొలిన్‌ప్రియ (చర్చ ప్రారంభం):
కండక్టర్, అంటే వాద్యబృందాన్ని చేతి సైగలతో నడిపించే సంగీతకారుడు, హెర్బర్ట్ ఫాన్ కారాయాన్ 1960ల చివర, 1970ల తొలినాళ్లలో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందంతో తీయించిన బేతోవెన్ సింఫనీల (పెద్ద వాద్యబృందం కోసం రాసిన కృతుల) చిత్రాలను కచేరీలుగా లెక్కించకూడదని నా అభిప్రాయం. వాటిలో చాలా భాగం ముందు ధ్వనిముద్రణ చేసి, ఆ ధ్వనిని వినిపిస్తూ, దానికి సరిపడేలా వాద్యకారులచేత వాయింపజేస్తూ చిత్రీకరించినవి. కెమెరా కళ్లు మూసుకున్న కండక్టర్ ముఖాన్ని వదిలిపెట్టదు. వాద్యకారుల వంతు వచ్చేసరికి వరుసగా పేర్చినట్లున్న కమానులూ హార్న్‌లూ తప్ప మనుషుల ముఖాలు కనిపించడమే అరుదు. ఇది సంగీతానికి సాక్ష్యమా, లేక ఒక వ్యక్తి తన కోసం గీయించుకున్న చిత్తరువా?

స్వరలహరి:
ఘంటసాల పాటకు రామారావు పెదవులు కదిపితే తరాల తరబడి మైమరచి చూసిన మనం, ముందుగా ముద్రించిన ధ్వనిని తప్పుపట్టడం విచిత్రంగా ఉంది. కారాయాన్‌కు కెమెరా కచేరీని కాపలా కాసే యంత్రం కాదు, మరొక వాద్యం. అందుకే ఆయన 1965లో షూమన్ నాలుగో సింఫనీని వియన్నా సింఫనీ బృందంతో చిత్రించడానికి ఆన్రీ జార్జ్ క్లూజో వంటి సినీ దర్శకుణ్ని పిలిచాడు. ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, విషయానికి వస్తే ఈ పద్ధతి లేకపోతే మనకు నష్టమే జరిగేది. గాయని మిరెల్లా ఫ్రేనీ రంగస్థలం మీద ఎన్నడూ 'మదామా బటర్‌ఫ్లై' ఒపేరాలోని బటర్‌ఫ్లై పాత్ర ధరించలేదు. 1974లో జాఁ పియేర్ పొనెల్ దర్శకత్వంలో, కారాయాన్ నిర్వహణలో వచ్చిన చిత్రంలోనే ఆమెను ఆ పాత్రలో చూడగలుగుతున్నాం.

వయొలిన్‌ప్రియ:
స్వరలహరి గారూ, ఒపేరా చిత్రం గురించి మీతో నాకు పేచీ లేదు, ఎందుకంటే అది సినిమానని ప్రేక్షకుడికి ముందే తెలుసు. రామారావు గారి పాట సంగతీ అంతే. అక్కడ ఎవరూ కచేరీ చూస్తున్నామని అనుకోలేదు. సింఫనీ దగ్గరే చిక్కు వస్తుంది. వేదిక మీద ఏ శబ్దమూ చేయని సంగీతకారుడు కండక్టర్ ఒక్కడే. ఆయన సైగ నాదం కంటే లిప్తపాటు ముందుండి, దాన్ని పుట్టించాలి. అప్పటికే ముద్రించి ఉన్న ధ్వనికి చేయి ఊపినప్పుడు ఆ క్రమం తలకిందులై, సైగ నాదం వెంట నడుస్తుంది. కండక్టర్‌ను కళ్లతో చూడడానికి ఉన్న ఏకైక కారణమే అక్కడ పోతుంది. 1983లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్సెర్ట్‌ఖెబౌ బృందంతో కార్లోస్ క్లైబర్ నిర్వహించిన బేతోవెన్ నాలుగు, ఏడు సింఫనీల చిత్రం చూడండి: ఆయన కొన్నిచోట్ల తాళం చూపడం మానేసి, బృందాన్ని దాని దారిన పోనిచ్చి, అవసరమైన చోట ఒక్క మణికట్టు విసురుతో మళ్లీ అందుకుంటాడు. మీరు చెప్పిన క్లూజో షూమన్ చిత్రంలో కూడా నన్ను కట్టిపడేసేది, కారాయాన్ వాద్యకారులను ఆపి, సరిదిద్ది, మళ్లీ వాయింపజేసే రిహార్సల్ భాగమే. అసలు ప్రదర్శన దాని ముందు ఎంతో నునుపుగా, కాస్త నిర్జీవంగా తోస్తుంది.

కచేరీశ్రోత:
ఇద్దరూ ఒక ఉదాహరణను మరిచారు. బొంబాయిలో పుట్టిన కండక్టర్ జుబిన్ మెహతా 1992లో 'టోస్కా' ఒపేరాను రోమ్‌లో, కథ జరిగే అసలు స్థలాల్లోనే, కథ చెప్పిన వేళలకే ప్రత్యక్ష ప్రసారంగా నిర్వహించారు. గాయకులు శాన్ ఆంజెలో కోటలోనో, ఫర్నేజే భవనంలోనో నిలబడి పాడుతుంటే, ఆయనా ఆర్కెస్ట్రా నగరంలో మరొక చోట స్టూడియోలో ఉన్నారు. దృశ్యం సినిమాది, గానం మాత్రం ఆ క్షణానిది. కాబట్టి స్టూడియో ఉందా లేదా అన్నది గీటురాయి కాదు. వయొలిన్‌ప్రియ గారు చెప్పిన సైగ, నాదాల క్రమాన్నే నేనూ ప్రమాణంగా తీసుకుంటాను. ఆ లెక్కన, కండక్టర్ లెనార్డ్ బెర్న్‌స్టైన్ 1970లలో వియన్నా ఫిల్‌హార్మోనిక్‌తో శ్రోతల ఎదుట చిత్రింపజేసిన మాహ్లర్ సింఫనీలు, వాటిలోని చెమటతో, గెంతులతో, అక్కడక్కడ చెదిరిన ఆరంభాలతో సహా, కచేరీ అన్న పేరుకు తగినవి. కారాయాన్ బేతోవెన్ చిత్రాలను అమ్మే పెట్టె మీద, ధ్వనిని ముందుగా ముద్రించారన్న ఒక్క వాక్యం ఉంటే నాకు చాలు.