పెరట్లో ఏడాకుల పాల చెట్టు కొట్టిస్తున్నాం, కట్టెలు పొయ్యిలో పెట్టొచ్చా?

మధురవాడ రాజు:
హుద్‌హుద్ తుఫాను తర్వాత మన వైజాగ్‌లో ఎక్కడ చూసినా ఈ ఏడాకుల పాలే కదండీ, మా నాన్న కూడా ఒక మొక్క తెచ్చి పెరట్లో పాతారు, ఇప్పుడది డాబా దాటిపోయింది, కార్తీకం వచ్చిందంటే ఆ పూల ఘాటుకి ఆయనకే తలనొప్పి. కొట్టించేద్దామంటే కర్రలోడు ఈ సరుకు ఎవడూ కొనడు, తీసుకెళ్లాలంటే మీరే ఎదురివ్వాలి అంటున్నాడు. అమ్మేమో నీళ్ల పొయ్యికి ఉంచరా అంటోంది, పక్కింటాయన పాలు కారే చెట్టు, పొగ మంచిది కాదంటున్నాడు. ఎవరి మాట వినాలి?

పెందుర్తి కుర్రోడు:
చేవ లేని కర్ర గురూ అది. అలా పెడితే ఇలా కాలిపోద్ది, నిప్పు నిలవదు. ఇంత చాకిరీ ఎందుకు, రెండు మోపులు సరుగుడు కొనుక్కోండి.

నేవీ అంకుల్:
తమ్ముడూ నేను పంజాబ్ వైపు కొన్నాళ్లున్నాను. అక్కడ పొలం గట్ల మీద పాప్లర్ అని వేస్తారు, దుంగలు ప్లైవుడ్ ఫ్యాక్టరీకి పోతాయి, మిగిలిన కొమ్మలూ పేళ్లూ పల్లెల్లో పొయ్యిల్లోకే. అదీ ఇలాంటి తేలిక కర్రే, ఎవరూ పారేయడం చూళ్లేదు. బాగా ఎండిన కర్ర ఏదైనా కిలోకి కిలో ఇచ్చే వేడి దాదాపు ఒకటే, తేలిక కర్ర అయితే ఎక్కువ చోటు పడుతుంది, మాటిమాటికీ పొయ్యిలోకి ఎగదోస్తూ ఉండాలి, అంతే తేడా. నీళ్లు కాగడానికి సరిపోతుంది. సన్న సెగ మీద దమ్ము పెట్టే బిర్యానీకి మాత్రం పనికిరాదు.

అడితి వాళ్లబ్బాయి:
అంకుల్ చెప్పింది కరెక్టే గానీ "బాగా ఎండిన" అన్న ముక్క దగ్గరే అందరూ దెబ్బతింటారు. పచ్చి కర్ర బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి, మంట ముందు ఆ నీళ్లని ఆవిరి చెయ్యాలి, అందుకే సెగ ఉండదు, ఒకటే పొగ. తేమ 20 శాతం లోపుకి దిగాలి. కొట్టిన వెంటనే, పాలు కారుతుండగానే చీల్చేయండి, దుంగలుగా వదిలేస్తే లోపల ఆరదు, మెత్త కర్ర కాబట్టి బూజూ పురుగూ తొందరగా పడతాయి. ఇటుకల మీద ఎత్తుగా పేర్చి పైన రేకు కప్పండి, పక్కలు మాత్రం గాలికి వదిలేయండి, టార్పాలిన్ చుట్టూ బిగించేస్తే లోపలే నాని కుళ్లిపోద్ది. మనది సముద్రపు గాలి, ఊరికే ఆరదు. ఈ కార్తీకంలో కొడితే ఎండాకాలం వెళ్లాకే పొయ్యి దగ్గరికి తేవాలి.

సీతమ్మధార పద్మ:
అవన్నీ సరే, గన్నేరు పుల్ల పొయ్యిలో పెట్టొద్దని మా అమ్మమ్మ తిట్టేది, ఇదీ గన్నేరు కుటుంబమే కదా? విషం కాదా?

అడితి వాళ్లబ్బాయి:
మేడమ్, ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రా అదే కుటుంబం, పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారు. దేవుడికి పెట్టే నందివర్ధనమూ అదే. చుట్టరికం చూసి విషం అంటే ఎలా? గన్నేరు సంగతి వేరు, దాన్ని నిజంగానే పొయ్యి దగ్గరికి రానివ్వకూడదు.

సీతమ్మధార పద్మ:
నోట్లో బొమ్మ వేరు, ముక్కులోకి పొగ వేరు బాబూ. ఏ కర్రైనా పొగ పొగే. మన ఊరు అటు కైలాసగిరి, ఇటు యారాడ కొండ, మధ్యలో గిన్నెలాంటి చోటు, చలికాలం పొద్దున గాలి కదలదు, మీరు నీళ్ల పొయ్యి వెలిగించేదీ సరిగ్గా అప్పుడే. మా పక్క వాటాలో ఆస్తమా ఉన్న పాప ఉంది. చెట్టు మీదే అనుకోండి, గాలి కూడా మీదేనా?

పెందుర్తి కుర్రోడు:
భోగికి కాలనీ అంతా టైర్లతో సహా తగలేస్తాం, అప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తు రాదు.

సీతమ్మధార పద్మ:
టైర్లు వేసేవాళ్లనీ తిడతాను, నాకేం మొహమాటం లేదు.

నేవీ అంకుల్:
ఆవిడ మాటలో న్యాయం ఉంది. గొట్టం పెట్టిన రాగి బాయిలర్ అయితే పొగ కాస్త పైకి పోతుంది, మూడు రాళ్ల పొయ్యి అయితే మాత్రం వద్దు. ఇంకో సంగతి, 2002 వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, సొంత స్థలంలో చెట్టైనా అనుమతి లేకుండా కొట్టకూడదు. ముందు అర్జీ పెట్టు తమ్ముడూ, గొడ్డలి తర్వాత.

మధురవాడ రాజు:
అర్జీ సంగతి తెలీదు అంకుల్, సోమవారం వెళ్తా. మాకున్నది గొట్టం బాయిలరే, పైగా పక్కింటి కిటికీ అటువైపు లేదు. సన్న కొమ్మలు అమ్మకి ఉంచుతాను, ఆకులు కొబ్బరి మొదట్లో వేస్తాను. మొదలు దుంగ చీల్చే ఓపిక మాత్రం నాకు లేదు, కావలసినవాళ్లు ఆటో తెచ్చుకుని పట్టుకుపోవచ్చు.

పెందుర్తి కుర్రోడు:
ఊరికేనా? అయితే నాకు ఉంచండి.

సీతమ్మధార పద్మ:
చేవ లేని కర్ర అన్నది నువ్వే కదయ్యా!