ఉబ్బులింగడు అంటే తిట్టా, ముద్దా?

అడిగినది: మోటరు మెకానిక్, నల్లగొండ

బోరు మోటర్లకు వైండింగ్ చేస్తుంటాను. మొన్న ఒక రైతు కాలిపోయిన 5 హెచ్‌పీ మోటరు తెచ్చాడు. చుట్టి ఇచ్చి లెక్క చెప్పబోతే, "నీ చెయ్యి పడ్డ మోటరు మూడేండ్లు మల్ల షాపు మొఖం చూడదన్నా" అన్నాడు. అంతే, 500 తక్కువ తీసుకున్నాను. చాయ్ కూడా నేనే తాగించాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఉబ్బులింగడివి నువ్వు. రాగి తీగ అమ్మేటోడు పొగిడితే ఇస్తడా?" అన్నది. అదీ మా బావమరిది ముందర!

ఈ మాట చిన్నప్పుడు మా నాయనమ్మ నోట విన్నదే. "మా ఉబ్బులింగడు ఎంత మంచోడో" అనగానే బిందె ఎత్తుకొని బోరింగు దగ్గరికి ఉరికేవాణ్ని. మాది నార్కట్‌పల్లి దగ్గర, చెరువుగట్టు పక్క ఊరు. గట్టు మీద ఉన్నది జడల రామలింగేశ్వరుడు కదా, ఇదీ ఆ దేవుని పేరే అనుకున్నాను చాలా రోజులు. ఇంతకీ ఇది తిట్టా, ముద్దా?

జవాబు: రిటైరైన తెలుగు పంతులు, మిర్యాలగూడ

నాయనా, చిన్నప్పుడు నువ్వు అనుకున్నది మరీ తప్పేం కాదు. శివుణ్ని ఉబ్బుశంకరుడు అంటారు. కాస్త కొలిస్తే చాలు, వరం ఇచ్చేస్తాడు. భస్మాసురుడికి అట్లా ఇచ్చే, చివరికి తనే పరుగెత్తాల్సి వచ్చింది. పొగిడితే ఉబ్బిపోయే మనిషి ఉబ్బులింగడు. 'పొంగిపోవడం'లో ఎగతాళి లేదు, కొడుక్కి ఉద్యోగం వస్తే తల్లి పొంగిపోతుంది. ఉబ్బినవాణ్ని చూసి మాత్రం పక్కవాళ్లు నవ్వుకుంటారు. పిల్లవాణ్ని అంటే ముద్దే. షాపు పెట్టుకున్నవాణ్ని అంటే... నీకే తెలుసు.

జవాబు: దేవరకొండ కోడలు

మా అత్తగారింట్లో నన్ను కూడా ఉబ్బులింగడనే అంటారు. సర్వపిండి బాగుందంటే చాలు, అలిసిపోయినా ఇంకో రెండు చేస్తాను, అందుకు. కాకపోతే అన్నా, తప్పంతా మీదే కాదు. మిమ్మల్ని మునగచెట్టు ఎక్కించింది ఆ రైతు. మునగకొమ్మ పెళుసు, మనిషి బరువు ఆగదు. ఎక్కించినోడు కిందనే ఉంటాడు, పడేది ఎక్కినోడే.

అడిగినవారు:

పంతులు గారి జవాబు మా ఆవిడకు చదివి వినిపించాను. భస్మాసురుడి దగ్గర ఆపి, "ఆయనకు మోహిని దొరికింది, నీకు నేను దొరికిన" అన్నది. ఆ రైతు నిన్న ఇంకో మోటరు పంపాడు, తమ్ముడిదట. లెక్క ఫోన్లో మా ఆవిడే మాట్లాడింది.