2028 డిసెంబర్ 31 సంపూర్ణ చంద్రగ్రహణం: బెంగళూరులో బాల్కనీ నుంచి ఫొటోలు కుదురుతాయా?

మారతహళ్ళి_ఆరో_అంతస్తు:
ముందుగానే అడుగుతున్నాను, సిద్ధం కావడానికి టైమ్ ఉంటుందని. తూర్పు ముఖం బాల్కనీ, పైన ఏడో అంతస్తు వాళ్ళ స్లాబ్. 24 మెగాపిక్సెళ్ళ క్రాప్ సెన్సర్ డీఎస్ఎల్ఆర్, 70-300 లెన్స్, పిడి ఉన్న మామూలు ట్రైపాడ్, 10×50 బైనాక్యులర్స్, ఒక ఫోన్ ఉన్నాయి. ట్రాకర్ (చంద్రుడి వెంట కెమెరాని తిప్పే పరికరం) లేదు. సంపూర్ణ దశ బాల్కనీలోంచే దొరుకుతుందా, మేడెక్కాల్సిందేనా? సెట్టింగులు ఎక్కడ మొదలుపెట్టాలి? కంటికి ఎర్రగా కనిపించే చంద్రుడు ఫొటోలో తెల్ల బిళ్ళలా ఎందుకు వస్తాడు?

చుక్కలలెక్క:
కెమెరా సంగతి తర్వాత, ముందు ఎత్తు చూసుకోండి. ఈ గ్రహణంలో చంద్రుడు బాగా పైకి వెళ్ళిపోతాడు. మన టైమ్ ప్రకారం స్పర్శ (నీడ తాకడం) రాత్రి సుమారు 8:37, నిమీలనం (సంపూర్ణ దశ మొదలు) 9:46, మధ్యకాలం 10:22, ఉన్మీలనం (సంపూర్ణ దశ ముగింపు) 10:58, మోక్షం (నీడ పూర్తిగా విడవడం) 12:06. బెంగళూరులో స్పర్శ వేళకి చంద్రుడు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, సంపూర్ణ దశ మొదలయ్యేసరికి 52, మధ్యలో 60, ముగిసేసరికి 67. మోక్షానికి దాదాపు నడినెత్తికి వచ్చేస్తాడు. చెన్నైలో ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువ. దిక్కు తూర్పు నుంచి కొంచెం ఈశాన్యానికి.

స్లాబ్ కింది అంచు మీ లెన్స్ కంటే మీటరున్నర పైన ఉందనుకుందాం. ట్రైపాడ్ ఆ అంచుకి అర మీటరు లోపలుంటే దాదాపు 70 డిగ్రీల దాకా ఆకాశం దొరుకుతుంది. మీటరు లోపలికి జరిగితే 54 డిగ్రీలకే స్లాబ్ అడ్డొస్తుంది, అంటే సంపూర్ణ దశ మొదలైన పది నిమిషాలకే చంద్రుడు మాయం. కాబట్టి ట్రైపాడ్ కాళ్ళు పిట్టగోడకి ఆనేటంత ముందుకి జరపండి, ఎత్తు తగ్గించండి. ఎత్తు తగ్గితే స్లాబ్ దూరమవుతుంది, కోణం పెరుగుతుంది. విడుపుకి మాత్రం మేడెక్కాల్సిందే.

లెక్కలు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. డిసెంబర్ చివరి గ్రహణ చంద్రుడు జూన్ చివరి సూర్యుడి దారిలోనే నడుస్తాడు. జూన్ ఆఖరి వారంలో ఎండ కాసిన ఏదో ఒక రోజు ఉదయం 9:46 నుంచి 10:58 దాకా బాల్కనీ నేల మీద స్లాబ్ నీడ అంచు ఎక్కడ పడుతుందో సుద్దముక్కతో గీయండి. లెన్స్ ఉండబోయే ఎత్తులో ఒక కర్ర పట్టుకుంటే దాని కొస మీద ఎండ పడాలి. ఆ గంటా పన్నెండు నిమిషాలూ ఎండ పడిన చోటే ట్రైపాడ్ చోటు. చూడాల్సింది నీడని, సూర్యుడిని కాదు.

ఎఫ్‌స్టాప్:
తెల్ల బిళ్ళ గురించి: ఆటోలో కెమెరా మొత్తం నల్లటి ఆకాశాన్ని చూసి చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. అందుకని మాన్యువల్ తప్పనిసరి. వైట్ బ్యాలెన్స్ కూడా డేలైట్ మీద పెట్టి వదిలేయండి. ఆటోలో ఉంటే ఎరుపుని దోషమనుకుని తీసేస్తుంది.

నిండు చంద్రుడికి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్ 8 (లెన్స్ రంధ్రం సైజు), సెకనులో 250వ వంతు. సగం నీడ పడేదాకా ఇవే సరిపోతాయి. ఈ దశలో నీడ పడిన భాగం ఫొటోలో ఉత్త నల్లగానే వస్తుంది, కంగారు పడొద్దు. వెలుగు అంచు సన్నబడుతుంటే 125, తర్వాత 60వ వంతుకి రండి. సంపూర్ణ దశలో ఐఎస్ఓ 1600, ఎఫ్ 5.6, ఒక సెకను దగ్గర మొదలుపెట్టండి. ఆ రెంటికీ మధ్య తేడా 13 స్టాపులు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు), అంటే ఎనిమిది వేల రెట్ల వెలుగు. ఒకే సెట్టింగుతో రాత్రంతా లాగించాలనుకున్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

సంపూర్ణ దశలో వెలుగు ఎంతుంటుందో ముందుగా చెప్పలేం, అది భూవాతావరణంలోని దుమ్ము మీద ఆధారపడుతుంది. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలాక 1992 డిసెంబర్ గ్రహణంలో చంద్రుడు కనిపించీ కనిపించనట్టున్నాడు. అందుకే ప్రతిసారీ మూడు ఫొటోలు, ఒక్కో స్టాప్ తేడాతో. హిస్టోగ్రామ్‌లో (ఫొటోలోని వెలుగు పంపకం చూపే గ్రాఫ్) ఎరుపు గీతని విడిగా చూడండి, మిగతా రెంటికంటే ముందు అదే కుడి అంచుకి తగులుతుంది. ఈసారి చంద్రుడు నీడ మధ్యబిందువుకి ఉత్తరంగా వెళ్తాడు కాబట్టి ఉత్తరపు అంచు, అంటే తూర్పుకి తిరిగి నిలబడితే మీ ఎడమ వైపుది, ప్రకాశంగా, దక్షిణం ముదురుగా ఉంటాయి. నిమీలనానికి, ఉన్మీలనానికి అటూ ఇటూ రెండు మూడు నిమిషాలు నీడ అంచున సన్నని నీలిపచ్చ పట్టీ కనిపిస్తుంది. ఓజోన్ పొర ఎరుపుని పీల్చుకోవడం వల్ల వచ్చే రంగు అది. నా ఉద్దేశంలో గ్రహణం మొత్తంలో అన్నిటికంటే అందమైన క్షణం అదే, ఆ టైమ్‌లో సెట్టింగులతో కుస్తీ పడకండి.

మైలాపూర్_మేడ:
పైన చెప్పిన ఒక సెకను దగ్గర చిన్న సవరణ. ట్రాకర్ లేకుండా 300 మిల్లీమీటర్ల దగ్గర మీ సెన్సర్ మీద చంద్రుడు సెకనుకి సుమారు 5 పిక్సెళ్ళు జరుగుతాడు. బిళ్ళ వెడల్పే దాదాపు 700 పిక్సెళ్ళు, కాబట్టి ఆ మసక తెలిసిపోతుంది. ఐఎస్ఓ 3200, 0.4 సెకన్లు తీసుకుంటే రెండు పిక్సెళ్ళకి మించదు. ఫొటోలో గరుకుదనం (నాయిస్) వస్తుంది, నిజమే. దానికి వెంటవెంటనే 16 ఫొటోలు తీసి, రా (RAW) ఫైళ్ళని టిఫ్ (TIFF)గా మార్చి, ఆటోస్టాకర్ట్‌లో ఒకదానిమీదొకటి పేర్చండి. గరుకు నాలుగో వంతుకి దిగుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

ఫోకస్ స్పర్శకి ముందే చేసేయాలి. సంపూర్ణ దశలో ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూనే ఉంటుంది. లైవ్ వ్యూలో పది రెట్లు పెద్దది చేసి, చంద్రుడి అంచు పదునుగా వచ్చేదాకా తిప్పి, మాన్యువల్‌కి మార్చి, రింగ్ మీద టేపు ముక్క అంటించండి. లెన్స్ మీదుండే అనంతం గుర్తుని నమ్మొద్దు, చాలా లెన్సులు దాన్ని దాటి తిరుగుతాయి. జూమ్ రింగ్‌కి కూడా టేపు వేయండి. అంత ఎత్తుకి పెట్టినప్పుడు బరువుకి అదే జారిపోతుంది.

ట్రైపాడ్ పిడి 60 డిగ్రీలు దాటాక కాళ్ళకి తగులుతుంది. కెమెరాని హెడ్ మీద వెనక్కి తిప్పి బిగిస్తే పిడి ముందుకి వచ్చి ఆ ఇబ్బంది పోతుంది. మధ్య కడ్డీ పైకి లాగొద్దు, దానికి నీళ్ళ సీసా ఉన్న సంచి వేలాడదీయండి. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఆపండి, రెండు సెకన్ల టైమర్ వాడండి. మేడ మీదైతే ఎవరైనా పక్కన నడిచినా స్లాబ్ అదురుతుంది.

చెన్నై వాళ్ళకి ఇంకోటి: ఏసీ గదిలోంచి కెమెరా తిన్నగా మేడ మీదకి తెస్తే అద్దం మీద క్షణంలో ఆవిరి పడుతుంది. బ్యాగు మూసి ఉంచే 45 నిమిషాల ముందు బయట పెట్టండి. గుడ్డతో తుడిస్తే మళ్ళీ పడుతుంది, గీతలు కూడా పడతాయి. హుడ్ తొడిగే ఉంచండి.

పదిబైయాభై:
ఫోన్ గురించి ఎవరూ చెప్పలేదు. బైనాక్యులర్స్‌ని ట్రైపాడ్‌కి బిగించి, ఒక కంటి గొట్టానికి ఫోన్ క్లాంపుతో ఫోన్ అమర్చండి. చేత్తో పట్టుకుంటే బొమ్మ నిలవదు. వాడాల్సింది మెయిన్ కెమెరా. ప్రో మోడ్‌లో నిండు చంద్రుడికి ఐఎస్ఓ 50, సెకనులో వెయ్యో వంతు దగ్గర మొదలుపెట్టండి. దృశ్యాన్ని గుర్తుపట్టి మెరుగుపరిచే సెట్టింగు ఏదున్నా ఆపేయండి. చంద్రుడని పోల్చుకుని మచ్చలు తనే దిద్దేస్తే గ్రహణపు నీడ నిజంగా పడినదో కాదో తెలీదు. సంపూర్ణ దశలో మాత్రం ఫోన్ పక్కన పెట్టి బైనాక్యులర్స్‌తో కళ్ళారా చూడండి, ఏ ఫిల్టరూ అక్కర్లేదు. సూర్యగ్రహణం కళ్ళజోడు పెడితే ఏమీ కనిపించదు.

మారతహళ్ళి_ఆరో_అంతస్తు:
అందరికీ కృతజ్ఞతలు. జూన్ నీడ సంగతి తట్టనే లేదు, సుద్దముక్క కొనిపెట్టుకుంటాను. చివరిగా ఒకటి: ఎదురుగా ఉన్న గుడి గోపురం, దాని పైన వరసగా గ్రహణ చంద్రులు, అలాంటి ఫొటో కుదురుతుందా?

చుక్కలలెక్క:
దీనికి కుదరదండీ. మూడున్నర గంటల్లో చంద్రుడు ఆకాశంలో 45 డిగ్రీలకి పైగా జరుగుతాడు. అంతా పట్టాలంటే మీ కెమెరాకి 18 మిల్లీమీటర్ల లెన్స్ కావాలి. అప్పుడు కూడా ఫ్రేమంతా పై ఆకాశమే, గోపురం కింద ఎక్కడో ఉండిపోతుంది. దానికోసం 2029 డిసెంబర్ 21 తెల్లవారుజామున వచ్చే సంపూర్ణ గ్రహణం దాకా ఆగండి. స్పర్శ సుమారు 2:25, మధ్యకాలం 4:12, మోక్షం 5:58. చంద్రుడు పడమటికి దిగుతూ మోక్షానికి దిగంతం దగ్గరికి వచ్చేస్తాడు. గోపురానికి తూర్పున, పడమర ఖాళీగా కనిపించే మేడ ఒకటి ఇప్పటి నుంచే చూసి పెట్టుకోండి.