అనంతగిరిలో చూసిన ఈ మొక్క లివర్‌కి మందేనా?

మర్రిపాలెం_వాసి:
వానల్లో అనంతగిరి వెళ్ళినప్పుడు కాఫీ తోటల పక్కన గెడ్డ ఒడ్డున రాళ్ళకి అంటుకుని చదునుగా, చివర్లు రెండుగా చీలిన పచ్చటి మొక్క కనిపించింది, మీద గుండ్రంగా బుల్లి గిన్నెలు, వాటిలో పచ్చటి గింజల్లాంటివి. ఫోటో వాట్సాప్‌లో పెడితే ఒకాయన ఇది లివర్‌వర్ట్, కషాయం కాచి తాగితే లివర్ బాగుపడుతుంది అన్నారు. మా నాన్నగారికి ఫ్యాటీ లివర్ ఉందండీ, అందుకే అడుగుతున్నా. ఇవ్వొచ్చా?

బోటనీ_టీచర్:
గిన్నెలు గుండ్రంగా ఉన్నాయంటే మార్కాంషియా అనే లివర్‌వర్ట్ అయ్యుంటుంది. లోపలున్నవి గింజలు కావండి, జెమ్మాలు. వాన చినుకు గిన్నెలో పడగానే అవి చిందిపోయి పక్కన పడతాయి, పడ్డచోటే ఒక్కోటి తల్లి మొక్కకి అచ్చు నకలుగా పెరుగుతుంది, పువ్వూ విత్తనం ఏమీ అక్కర్లేదు. అసలు వీటికి వేళ్ళే ఉండవు, రైజాయిడ్లనే సన్నటి వెంట్రుకల్లాంటి వాటితో రాయిని పట్టుకుంటాయి. ఈసారి లెన్స్ తీసుకెళ్ళి పైభాగం చూడండి, గళ్ళు గళ్ళుగా ఉండి ఒక్కో గడి మధ్యలో చిన్న గాలి రంధ్రం కనిపిస్తుంది, ఎంత బావుంటుందో!
ఈ మొక్క కాలేయం తమ్మెల్లా ఉంది కాబట్టి కాలేయానికి మందు అని యూరప్‌లో పాతకాలం వైద్యులు అనుకున్నారు, ఈ కషాయం మాట అక్కడి నుంచి వచ్చిందే.

పరవాడ_కెమిస్ట్:
మేడమ్ చెప్పింది కరెక్ట్, అలాగని ఇందులో ఏమీ లేదనుకోకండి. లివర్‌వర్ట్ కణాల్లో ఆయిల్ బాడీలని బుల్లి నూనె తిత్తులు ఉంటాయి, చుట్టూ పొర ఉన్న ఇలాంటివి వేరే మొక్కల్లో ఉండవు, టెర్పీన్లు, బిస్‌బైబెంజైల్స్ అనే రసాయనాల్ని మొక్క వాటిలోనే దాస్తుంది, పురుగులు తినకుండా. జపాన్‌లో యోషినోరి అసకావా అనే రసాయన శాస్త్రవేత్త దశాబ్దాల పాటు వీటి మీదే పనిచేశారు. మార్కాంటిన్-ఎ లాంటి లివర్‌వర్ట్ రసాయనాలు ల్యాబ్‌లో ఫంగస్ మీద, క్యాన్సర్ కణాల మీద పనిచేశాయి. ఇంకో రకం, రాడ్యులా, అందులో గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీని పోలిన పెరోటెటినీన్ అనే పదార్థం ఉంది. 2018లో స్విట్జర్లాండ్ వాళ్ళు ఎలుకలకి ఇచ్చి చూస్తే అది మెదడుకి చేరింది, టీహెచ్‌సీ కంటే బలం తక్కువే గానీ మెదడులో వాపు పెంచే ప్రోస్టాగ్లాండిన్లని తగ్గించింది. నాకైతే దీని మీద చాలా ఆశ ఉంది. కానీ అదంతా శుద్ధి చేసిన పదార్థం, కొలిచిన డోసు. కషాయంలో ఏది ఎంత దిగిందో ఎవరు చూస్తారు? అసలే దెబ్బతిన్న లివర్, దానిమీద ప్రయోగం వద్దండీ.

అడవివరం_అబ్బాయి:
చేత్తో పీకకండి కూడా. ఫ్రులానియా అని చెట్ల బెరడు మీద పెరిగే రకం ఒకటుంది, కలప కొట్టేవాళ్ళకి దానివల్ల చర్మం మీద దద్దుర్లొస్తాయి.

మర్రిపాలెం_వాసి:
అందరికీ థాంక్సండీ. కషాయం ఇవ్వను, డాక్టర్ రాసిన మందులే వాడతాం. మేడమ్, మన వైజాగ్ సిటీలో ఇవి దొరుకుతాయా? మా పాపకి చూపించాలి.

బోటనీ_టీచర్:
వానాకాలంలో నీడపట్టున తడి మట్టి మీద వెతకండి, రూపాయి బిళ్ళంత గుండ్రంగా రిక్సియా అనే లివర్‌వర్ట్ కనిపిస్తే ఫోటో ఇక్కడే పెట్టండి.