స్పెయిన్‌లో రైలు ప్రయాణం: పన్నెండు రోజుల్లో ఎన్ని ఊళ్లు చూడవచ్చు?

కృష్ణలంక (ప్రశ్న)

అందరికీ నమస్కారం. రాబోయే దసరా సెలవుల్లో నేను, మా ఆవిడ, ఏడేళ్లు, పదకొండేళ్లు వయసున్న ఇద్దరు పిల్లలు, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ కలిసి మొదటిసారి స్పెయిన్ వెళ్లాలని అనుకుంటున్నాము. చేతిలో ఉన్నవి పన్నెండు రోజులు, పదకొండు రాత్రులు. వీసాకు ఇంకా దరఖాస్తు చేయలేదు కనుక మార్పులకు వీలుంది. హైదరాబాదు నుంచి గల్ఫ్ మీదుగా మాడ్రిడ్‌లో దిగి, తిరిగి మాడ్రిడ్ నుంచే విమానం ఎక్కాలన్నది ఇప్పటి ఆలోచన.

కాగితం మీద వేసుకున్న వరుస ఇది: మాడ్రిడ్, టోలెడో, కోర్డోబా, సెవిల్లె, గ్రెనడా, వలెన్సియా, బార్సిలోనా, మళ్లీ మాడ్రిడ్. రైళ్లు గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో నడుస్తాయి కాబట్టి ఊరికొక రాత్రి, పెద్ద ఊళ్లకు రెండు రాత్రులు చాలునని లెక్క వేశాను. లెక్క సరిపోయింది కాని, దాన్ని చూసిన ప్రతిసారీ ఆయాసం వస్తోంది. ఈ వరుస సాధ్యమేనా? యూరప్ దేశాల రైళ్లలో చెల్లే యూరెయిల్ పాస్ కొనడం మేలా, విడివిడిగా టికెట్లు తీసుకోవడం మేలా? ఏది ముందు కొనాలి, ఏది తర్వాత కొనాలి? మా అమ్మకు మోకాళ్ల నొప్పి ఉంది. ఆమె కోడిగుడ్డు కూడా తినని శాకాహారి. ఈ రెండు విషయాలు దృష్టిలో పెట్టుకుని సలహా ఇవ్వగలరు.

మంజీర

కృష్ణలంక గారూ, మీ వరుసలో ఊళ్లు ఎక్కువ కాలేదు, పడకలు ఎక్కువయ్యాయి. బస మార్చిన ప్రతి రోజూ సగం పూట పోతుంది. పెట్టెలు సర్దుకోవడం, గది ఖాళీ చేయడం, స్టేషన్ చేరడం, కొత్త ఊళ్లో మధ్యాహ్నం మూడింటి దాకా గది ఇవ్వరు కనుక పెట్టెలు ఎక్కడో అప్పగించి తిరగడం, ఇదంతా రైలు ఎంత వేగంగా నడిచినా తగ్గే పని కాదు. మా అత్తమామలతో వెళ్లినప్పుడు మేము తొమ్మిది రోజుల్లో ఆరు హోటళ్లు మారాము. ఇంటికి వచ్చాక మా మామగారికి గుర్తున్నవి లిఫ్టులు మాత్రమే.

మొదట విమానం సంగతి చూడండి. దిగిన ఊరి నుంచే తిరిగి ఎక్కాలన్న నియమం లేదు. బార్సిలోనాలో దిగి, మాడ్రిడ్‌లో ఎక్కేలా ఒకే టికెట్టుగా తీసుకుంటే ఛార్జీలో పెద్ద తేడా లేకపోవచ్చు, వెళ్లిన దారినే వెనక్కు రావలసిన పనీ తప్పుతుంది. అప్పుడు వరుస ఇలా కుదురుతుంది: బార్సిలోనాలో మూడు రాత్రులు, అక్కడి నుంచి నేరుగా సెవిల్లెకు అయిదున్నర గంటల రైలు, సెవిల్లెలో మూడు రాత్రులు, గ్రెనడాలో రెండు, మాడ్రిడ్‌లో మూడు. కోర్డోబా, టోలెడో మీ జాబితాలోనే ఉంటాయి కాని వాటికి పెట్టెలు మోయనక్కరలేదు. సెవిల్లె నుంచి కోర్డోబాకు ముప్పావు గంట, మాడ్రిడ్ నుంచి టోలెడోకు అరగంట పైచిలుకు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వలెన్సియాను మాత్రం ఈసారికి వదిలేయక తప్పదు.

ఏది ముందు కొనాలన్న ప్రశ్నకు నా జవాబు ఒక్కటే: గ్రెనడాలోని అల్‌హంబ్రా కోట టికెట్టు. చాలామంది రైలు టికెట్లన్నీ కొనుక్కున్నాక అక్కడికి వస్తారు, అప్పటికి ఆ తేదీలు నిండిపోయి ఉంటాయి. కోట మొత్తానికి ఒకే టికెట్టు అయినా, లోపలి నస్రిద్ రాజభవనాలకు మాత్రం మీకు కేటాయించిన సమయానికే వెళ్లాలి. ఆ సమయం దాటితే వాటిలోకి రానివ్వరు. టికెట్టు పేరు మీద ఇస్తారు కాబట్టి పిల్లలతో సహా అందరి పాస్‌పోర్టులూ వెంట ఉండాలి. తోటలు, అల్కసాబా దుర్గం, హెనెరలీఫె అనే వేసవి భవనం అన్నీ కలిపి సగం రోజు నడక ఉంటుంది కనుక మీ అమ్మగారి కోసం ఉదయం పది ప్రాంతపు సమయం తీసుకోండి. ఊళ్లోంచి కొండ మీదికి నడవకండి. ఇసబెల్ లా కతోలికా కూడలి దగ్గర సి30 అనే చిన్న బస్సు ఎక్కితే ద్వారం దగ్గరే దింపుతుంది. ఈ టికెట్టు తేదీ ఖాయమయ్యాక, ఆ మేకుకు మిగిలిన రైళ్లన్నీ తగిలించండి. బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చికి కూడా సమయం ముందే బుక్ చేసుకోవాలి కాని, అక్కడ తేదీ దొరకడం ఇంత కష్టం కాదు.

కాజీపేట జంక్షన్

రైల్వేలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. నిరుడు మా అమ్మాయి దగ్గరికి యూరప్ వెళ్లినప్పుడు స్పెయిన్‌లో రైళ్లెక్కి తిరిగాను. వృత్తి అభిమానం కొద్దీ ఒక ముచ్చట చెబుతాను. గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. స్పెయిన్ పాత పట్టాల గేజ్ 1668. ఎనిమిది మిల్లీమీటర్ల తేడాతో దాదాపు చుట్టాలమన్నమాట. అయితే 1992 ప్రపంచ ప్రదర్శన కోసం మాడ్రిడ్, సెవిల్లెల మధ్య మొదటి హైస్పీడు మార్గం వేసినప్పుడు, మిగతా యూరప్‌తో కలవడానికి 1435 గేజ్‌ను ఎంచుకున్నారు. ఆ విధంగా ఆ దేశంలో రెండు రకాల పట్టాలు ఏర్పడ్డాయి. మాడ్రిడ్‌లోని ఆతోచా స్టేషన్‌లో హైస్పీడు రైళ్లకు ఒక భాగం, థెర్కానియాస్ అనే లోకల్ రైళ్లకు మరొక భాగం ఉంటాయి. రెంటికీ మధ్య నడక ఉంది. ఆతోచాలో పాత ఇనుప కప్పు కింద ఇప్పుడు తాటిచెట్ల తోట పెంచుతున్నారు, పిల్లలకు చూపించండి.

మాడ్రిడ్‌లో పెద్ద స్టేషన్లు రెండు. బార్సిలోనా, సెవిల్లె, గ్రెనడా రైళ్లు ఎక్కువగా ఆతోచా నుంచి, వలెన్సియా, సెగోవియా రైళ్లు ఎక్కువగా ఊరికి ఉత్తరాన ఉన్న చమార్తిన్ నుంచి నడుస్తాయి. నేను టికెట్టు మీద స్టేషన్ పేరు చదవకుండా, మాడ్రిడ్ అన్న మాట చూసి ఆతోచాకు వెళ్లి, వలెన్సియా రైలు పోగొట్టుకున్నాను. జీవితమంతా పట్టాల మీద బతికినవాడి సంగతే ఇది కాబట్టి మీరు పేరు పూర్తిగా చదవండి.

మన దగ్గరలాగా ఆఖరి నిమిషంలో పరుగెత్తి ఎక్కడం అక్కడ కుదరదు. హైస్పీడు రైళ్లకు ముందుగా సామాను స్కానర్‌లో పెట్టాలి. రైలు కదలడానికి కొన్ని నిమిషాల ముందే ప్లాట్‌ఫారం ద్వారం మూసేస్తారు. ప్లాట్‌ఫారం నంబరు చివరి వరకూ బోర్డు మీద కనిపించదు. అది చూసి కంగారు పడనక్కరలేదు. అందరూ బోర్డు కింద నిలబడి ఎదురుచూస్తూనే ఉంటారు. టికెట్టు మీద 'కోచె' అంటే బోగీ, 'ప్లాసా' అంటే సీటు, బోర్డు మీద 'వీయా' అంటే ప్లాట్‌ఫారం. నలభై నిమిషాల ముందు చేరితే అమ్మగారు నింపాదిగా ఎక్కగలరు. నడవడం కష్టమైనవారికి స్టేషన్లలో చక్రాల కుర్చీతో ఉచితంగా సహాయం చేస్తారు, కాకపోతే ముందుగా కోరాలి.

పాస్ విషయం. స్పెయిన్ హైస్పీడు రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా డబ్బు కట్టాలి. మీరు చేసే దూర ప్రయాణాలు మూడు. అంతకు పాస్ దండగ. ప్రభుత్వ సంస్థ రెన్ఫే కాకుండా 2021 నుంచి ఊయీగో, 2022 చివర నుంచి ఇర్యో కూడా నడుస్తున్నాయి. పోటీ వల్ల బార్సిలోనా, మాడ్రిడ్ మార్గంలో టికెట్లు బాగా చౌకయ్యాయి. అయితే ఊయీగోలోనూ, రెన్ఫే వారి చౌక రైలు ఆవ్లోలోనూ మూల ధరకు చిన్న పెట్టెనే అనుమతిస్తారు, పెద్ద పెట్టెకు అదనంగా కట్టాలి. అయిదుగురి సామాను లెక్క వేశాక ఏది చౌకో తేల్చుకోండి. రెన్ఫేలో పధ్నాలుగేళ్లలోపు పిల్లలకు తగ్గింపు ఉంది. అరవై దాటినవారికి కొద్ది యూరోలకే ఒక తగ్గింపు కార్డు కూడా ఇస్తారు.

కృష్ణలంక

మంజీర గారికి, జంక్షన్ గారికి కృతజ్ఞతలు. ఊరికొక రాత్రి అన్న నా లెక్కను చింపేశాను. విమానం బార్సిలోనాకు వెళ్లి మాడ్రిడ్ నుంచి వచ్చేలా చూస్తున్నాను. ఇంకా రెండు సందేహాలున్నాయి. మొదటిది అమ్మ భోజనం. రెండోది, రైలు టికెట్లు కొనబోతే ఒక వెబ్‌సైటులో నా కార్డు రెండుసార్లు తిరస్కరించబడింది. మా తేదీలకు కొన్ని రైళ్లు అసలు కనిపించడం లేదు కూడా.

లవాపియెస్ వాసి

మాడ్రిడ్‌లో ఆరేళ్లుగా ఉంటున్నాను. రైళ్లు కనిపించకపోవడానికి కారణం, అన్ని మార్గాల టికెట్లూ ఒకే రోజు అమ్మకానికి పెట్టరు. కొన్ని నెలల ముందే వస్తాయి, కొన్ని ప్రయాణానికి నెల ముందు గాని రావు. రైలు కనిపించలేదంటే లేదని అర్థం కాదు. కార్డు విషయంలో అంతర్జాతీయ చెల్లింపులను బ్యాంకులో ముందుగా తెరిపించుకోండి, వీలైతే రెండో కార్డు దగ్గర ఉంచుకోండి. అక్టోబరు 12 ఇక్కడ జాతీయ పండుగ. ఆ తేదీ చుట్టూ రైళ్లు, హోటళ్లు నిండిపోతాయి, ధరలూ పెరుగుతాయి. మీ ప్రయాణం ఆ రోజును తాకేట్లయితే ఆ ఒక్క టికెట్టూ అందరికంటే ముందు కొనండి. మరొక చిన్న లాభం చాలామంది వదులుకుంటారు: రెన్ఫే దూరప్రయాణ టికెట్టు మీద ఒక కోడ్ ఉంటుంది. దానితో ఆ రోజు స్టేషన్‌కు రావడానికి, స్టేషన్ నుంచి వెళ్లడానికి థెర్కానియాస్ లోకల్ రైలు ఉచితం.

ఇక భోజనం. మీ అమ్మగారికి ఇక్కడ ఆకలి సమస్య కాదు, భాషే సమస్య. 'శాకాహారి' అన్న మాటకు ఇక్కడి చిన్న హోటళ్లలో మాంసం ముక్క లేకపోతే చాలునన్న అర్థమే ఎక్కువ. పప్పు కూరలో పంది మాంసపు సాసేజ్ వేసి ఉడికించి, ముక్క తీసి వడ్డించగలరు. 'వెజెతాల్' అని రాసి ఉన్న శాండ్‌విచ్‌లో సాధారణంగా ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. అందుకని వద్దన్న వాటిని ఒక్కొక్కటిగా చెప్పాలి: సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ పెస్కాదో, సిన్ ఉవేవో. అంటే మాంసం, హామ్ (పంది తొడ మాంసం), చేప, గుడ్డు లేకుండా అని. దీన్ని స్పానిష్ అక్షరాల్లో కాగితం మీద రాయించి అమ్మగారి సంచిలో పెట్టండి.

నిశ్చింతగా తినగలిగినవీ ఉన్నాయి. పొద్దున కాల్చిన రొట్టె మీద టమాటా గుజ్జు, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. మీ అమ్మగారికి అది నచ్చి తీరుతుందని నా నమ్మకం. సెవిల్లెలో పాలకూర, శనగల కూర ఉంటుంది, జీలకర్ర వేస్తారు కనుక మన నోటికి దగ్గర. కోర్డోబాలో వేయించిన వంకాయ ముక్కల మీద తేనె గాని చెరకు పానకం గాని పోసి ఇస్తారు. అదే ఊరి చల్లని టమాటా సూపు సల్మొరెఖో మీద గుడ్డు, హామ్ తురుము చల్లుతారు కనుక అవి వద్దనాలి. చుర్రోలు పిండి, నీళ్లు, ఉప్పుతో కలిపి నూనెలో వేయించేవి, పిల్లలు వదలరు. అన్నం మీదికి మనసు పోతే మాడ్రిడ్‌లో లవాపియెస్, బార్సిలోనాలో రవాల్ పేటల్లో మన దేశపు వంటలు దొరుకుతాయి. పదార్థం కన్నా వేళలే మిమ్మల్ని ఇబ్బంది పెడతాయి. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిదింటికి. నాలుగు నుంచి ఎనిమిదిన్నర వరకు చాలా వంటగదులు మూసి ఉంటాయి. ఆ సమయానికి పండ్లు, రొట్టె, పెరుగు ముందే కొని ఉంచుకోండి. బార్సిలోనాలో ఆదివారం చాలా సూపర్‌మార్కెట్లు తెరవరు కాబట్టి శనివారమే కొనాలి.

గట్టుమీది గువ్వ

వలెన్సియాను ఇంత సులువుగా కొట్టేయడం నాకు నచ్చలేదు. చదునైన ఊరు, నది మళ్లించిన పాత పాయలో కిలోమీటర్ల పొడవున తోట, పక్కన సముద్రం. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి కొండమీది టోలెడో కన్నా అదే హాయి. టోలెడోను పక్కన పెట్టి, మాడ్రిడ్ నుంచి రెండు గంటల లోపు ప్రయాణంతో వలెన్సియాకు ఒక రోజు వెళ్లి రావడం కుదరదా?

మంజీర

కుదురుతుంది గాని, పోనూ రానూ నాలుగు గంటల రైలు, పైగా జంక్షన్ గారు చెప్పిన రెండో స్టేషన్ నుంచి. అయినా టోలెడో ఎక్కుడు గురించి మీరన్నది నిజమే. నది వైపు నుంచి వచ్చేవారికి పైకి ఎస్కలేటర్లు ఉన్నా, పై వీధులు రాళ్లు పరిచినవి. మాడ్రిడ్‌లో మూడు రాత్రులే ఉన్నాయి కనుక ఒక మనిషి అమ్మగారితో ప్రాదో మ్యూజియంలో ఉండి, మిగిలినవారు టోలెడో వెళ్లడం మేలని నాకు తోస్తుంది. పికాసో వేసిన గెర్నికా చిత్రం ఉన్న రీనా సోఫియా మ్యూజియానికి మంగళవారం సెలవు, అది చూసి రోజు నిర్ణయించుకోండి.

కృష్ణలంక

అల్‌హంబ్రాకు అయిదుగురికీ ఉదయం పదిన్నర సమయం దొరికింది. దాని ప్రకారం సెవిల్లె, గ్రెనడా గదులు, రద్దు చేసుకునే వీలుతో తీసుకున్నాను. టోలెడోకు నేను, పిల్లలు వెళ్తాము. అమ్మ, మా ఆవిడ ప్రాదోకు వెళ్తామన్నారు, ఈ ఏర్పాటుకు ఇద్దరూ నాకన్నా ఎక్కువ సంతోషించారు. బార్సిలోనా నుంచి సెవిల్లె రైలులో 'కోచె ఎన్ సిలెన్సియో' అనే బోగీలో అయిదు సీట్లు కనిపిస్తున్నాయి. తీసుకోవచ్చా?

కాజీపేట జంక్షన్

వద్దు. అది నిశ్శబ్దపు బోగీ. అందులో ఫోను మాట్లాడకూడదు, మాటలు కూడా గుసగుసలుగానే సాగాలి. అయిదున్నర గంటల పాటు ఇద్దరు పిల్లలు, ఒక నాయనమ్మ ఉన్న తెలుగు కుటుంబానికి అది శిక్ష, తోటి ప్రయాణికులకు అంతకన్నా పెద్ద శిక్ష. మామూలు బోగీలో బల్లకు అటూ ఇటూ నాలుగు సీట్లు ఎదురెదురుగా ఉండేవి దొరికితే తీసుకుని, అయిదోది నడవాకు అవతల తీసుకోండి.

కృష్ణలంక

తీసుకున్నాను. అయిదో సీటు నాదేనట.